రంగు కింద చెక్క

1964 జూన్ 21, ఆదివారం

ఈవేళ ఆయన్ని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాం. షెడ్డులో ఆయనతో పనిచేసే గవరయ్య వీపు మీద మోసుకుని మెట్లెక్కించాడు. మంచం కిటికీ దగ్గరికి జరిపాం. అక్కణ్ణించి కింద మా వడ్రంగం షెడ్డు కనపడతాది. తలుపుకి తాళం వేసి ఉండడం చూసి ఆయన "లేదు" అన్నారు.

ఆసుపత్రిలోనూ ఇదే మాట. నీళ్ళు కావాలా అంటే లేదు. నొప్పిగా ఉందా అంటే లేదు. నేనెవర్నో తెలుస్తోందా అంటే నా మొహంలోకి చూసి, నోరు ఒక పక్కకి లాగి నవ్వబోయి, లేదు. పక్షవాతం కుడిపక్క కొట్టింది, మాటలన్నీ పోయి ఆ ఒక్కటే మిగిలింది అని డాక్టరు చెప్పాడు. మిగతావి తిరిగొస్తాయా అంటే చూడాలన్నాడు. కుడి చెయ్యి? అదీ చూడాలన్నాడు. చూడాలంటే వస్తాయనే కదా అర్థం. క్రిస్మస్ నాటికి మళ్ళీ చిత్రిక పడతారు.

భీమిలి బోర్డింగు బళ్ళో ఉన్నప్పుడు డైరీ రాసేదాన్ని. పెళ్ళయ్యాక మానేశాను. రాయడానికి మాటేదీ మిగిలేది కాదు, ఆయనతో చెప్పేసేదాన్ని.

జూన్ 24

కుడిచేతి బొటనవేలు కదిలింది. మా అమ్మాయి జెరూషా చూళ్ళేదంది. నేను చూశాను.

జూన్ 27, శనివారం

భవానీపూర్ నుంచి మినతి దిది వచ్చింది. బెంగాలీ ఆవిడ, ఆడపిల్లల బళ్ళో లెక్కలు చెబుతుంది, పెళ్ళి చేసుకోలేదు. అన్నగారింట్లో మేడ మీద రెండు గదులు ఆవిడవి. వంటిల్లు మాత్రం కింద, వదినగారిది. తల్లి పోయాక, ఓ కప్పు టీ పెట్టుకోవాలన్నా వదినగారి మొహం ఎలా ఉందో చూసుకుని దిగాల్సి వస్తోందని ఏప్రిల్లో వచ్చి చెప్పుకుంది. మేడ మీద వరండా మూయించి సొంతంగా చిన్న వంటిల్లు కట్టించుకుంటోంది. దానికి గోడ బీరువాలు, గట్టు కింద అల్మారాలు, అన్నీ లేతాకుపచ్చ రంగు వేసి కావాలంది. దసరా పూజల లోపు ఇస్తానని ఆయన మాటిచ్చారు. కొలతలు తీసుకుని బొమ్మ కూడా గీశారు.

ఈవేళ సందేశ్ మిఠాయి పొట్లం పట్టుకుని ఆయన్ని చూడ్డానికొచ్చింది. మంచం పక్కన చాలాసేపు కూచుంది. లేచేముందు నాతో మెల్లిగా, "కాంతం ది, ఏమీ అనుకోవద్దు. ఆ పని ఇంకెవరికైనా ఇచ్చుకుంటాను. ఆదాము దా ముందు కోలుకోవాలి" అంది. ఆయన్ని అన్న వరసన దా అనీ, నన్ను అక్క వరసన ది అనీ పిలుస్తుంది.

"మేం చేస్తాం" అన్నాను. నోట్లోంచి ఎలా వచ్చిందో మరి.

"లేదు" అన్నారు ఆయన మంచం మీంచి.

ఆవిడ ఆయన వేపు చూసింది, నా వేపు చూసింది.

"సరే అంటన్నారు" అన్నాను. "ఇప్పుడు ఆయనకి అన్నిటికీ అదే మాట."

నమ్మింది. నేనేం అబద్ధం చెప్పలేదు. ఆయనకి నిజంగా అన్నిటికీ అదే మాట. షెడ్డు ఇప్పుడు తెరవకపోతే ఇంక ఎప్పటికీ తెరవం. అది మాత్రం ఆయనకి ఇష్టమా?

జూన్ 30

షెడ్డు తాళం తీశాను. రంపపుపొట్టు వాసన కొట్టింది. ఆయన పడిపోయిన చోట కుర్చీ అలాగే పక్కకి ఒరిగి ఉంది. నిలబెట్టాను.

గవరయ్య వచ్చాడు. రైల్వే బోగీల కార్ఖానాలో ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. ఆయన బయటికొచ్చి ఈ టికియాపారాలో షెడ్డు పెట్టుకుంటే వెనకాలే వచ్చేశాడు.

"పని నాను సేస్తాను వదినా. కొలతలు అన్న గీసే ఉంచాడు. మరి సెక్క ఏటి తెమ్మంటావు? టేకేనా?"

ఆలోచించి చెబుతానన్నాను.

ఇరవయ్యేళ్ళ పైనుంచీ చెక్క ఆయనది, రంగు నాది. ఆయన చేసి అవతల పెడతారు. నేను లప్పం పట్టి, గరుకు కాగితంతో రుద్ది, ప్రైమరు వేసి, మళ్ళీ రుద్ది, ఎనామిల్ వేస్తాను. ఆయన దృష్టిలో టేకు తప్ప మరోటి చెక్క కాదు. బోగీలు చేసిన చెయ్యి. రంగు వేసే సామానుకి టేకెందుకండీ, దాని అందం కప్పెట్టడానికా అని పెళ్ళైన కొత్తలోనే అడిగాను. "కనపడనిచోట మంచిది వెయ్యకూడదా ఏటి?" అన్నారు. వినడానికి బాగుంటాది. కానీ టేకులో నూనె ఉంటాది. స్పిరిట్‌తో ఎంత తుడిచినా వానాకాలం వచ్చేసరికి పైకి ఊరుతాది. రంగు పొరలు పొరలుగా లేస్తాది. అప్పుడు అందరూ తప్పుపట్టేది చెక్కని కాదు, రంగుని.

ఒకసారి ఒక నర్సింగ్‌హోముకి మందుల బీరువాలు చేసిచ్చాం. తెల్లరంగు. ఏడాది తిరక్కుండా పెచ్చులూడాయి. వాళ్ళు పిలిచి చూపించారు. అంతమంది ముందు ఆయన నా వేపు తిరిగి, "రంగు సరిగ్గా ఆరనివ్వలేదు నువ్వు" అన్నారు. నేను తలొంచుకుని అంతా గీకి మళ్ళీ వేశాను. ఇంటికొచ్చాక కూడా ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో.

జూలై 5, ఆదివారం

వంటింటి బీరువా కదా, తడికి ఏది ఆగుతాదో చూద్దామని తలో ముక్క తెప్పించి బకెట్లో నానబెట్టాను. ఈవేళ తీసి చూశాను.

కొత్తగా వస్తున్న చిప్‌బోర్డు ఒకటుంది, చెక్కపొట్టు జిగురుతో కలిపి అచ్చుపోస్తారు. పొడిగా ఉన్నప్పుడు అద్దంలా ఉంది, రంగుకి అంతకంటే మంచి మొహం దొరకదనుకున్నాను. నీళ్ళలో పడ్డ మరమరాల్లా ఉబ్బిపోయింది. గోటితో గిల్లితే ఊడొచ్చింది. హార్డుబోర్డుకి అంచులు మెత్తబడ్డాయి. గోడవేపు వీపుకైతే పనికొస్తాది, అదీ రెండువేపులా రంగు పడితే. దేవదారు పెట్టెచెక్కకి ఏం కాలేదు గాని దాని కణుపుల్లో బంక ఉంటాది. లక్క పూసి మూసినా ఏడాదికి లేతరంగు మీద పసుపు మచ్చలై తేలతాది. మంచిరకం ప్లైవుడ్డు పొరలు విడలేదు. ఇక గామార్, మా నాన్న దాన్నే గుమ్మడిటేకు అనేవాడు, ఆరబెడితే ఎలా ఉన్నది అలాగే ఉంది. తేలిక. వంకరపోదు. రంగు తాగినంత తాగి ఊరుకుంటాది.

ఆయన మంచం మీంచి అంతా చూస్తన్నారు. టేకుముక్క నేను అసలు నానబెట్టనే లేదని కనిపెట్టారేమో, "లేదు" అన్నారు.

"ఏటి లేదు? అన్నీ ఉన్నాయి" అన్నాను నవ్వుతూ.

ఆయన నవ్వలేదు.

జూలై 9

ఆయన్ని నిమ్తలా తీసుకెళ్ళాను. గంగ ఒడ్డున కలప అడితీలు, ఇక్కడ గోలాలంటారు, ఇన్నేళ్ళూ ఆయనొక్కరే వెళ్ళేవారు, నన్నెప్పుడూ తీసుకెళ్ళలేదు. మనిషికి కొంచెం గాలి తగులుతాది, తెలిసిన చోటు చూస్తే హుషారొస్తాదని టాక్సీ పిలిచాం. గవరయ్య ఎత్తి దింపాడు.

గోలా యజమాని ముసలాయన లేచొచ్చి ఆయన్ని పట్టుకుని కళ్ళొత్తుకున్నాడు. కుర్చీ వేసి టీ తెప్పించాడు. ఆయన టీ చూళ్ళేదు. పక్కనే పేర్చి ఉన్న బర్మా టేకు మీద ఎడం చెయ్యి వేసి అటూ ఇటూ నిమిరారు. ఆ చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకున్నారు. తర్వాత నా వేపు చూశారు. ఆ చూపు నాకు తెలుసు. జెరూషా పుట్టినప్పుడు దాన్ని ఎత్తుకుని నాకేసి అలాగే చూశారు.

నేను గవరయ్యతో, "ఫ్రేములకి గామార్ తీసుకో. తలుపులకీ పక్కలకీ ప్లైవుడ్డు. వీపుకి హార్డుబోర్డు" అన్నాను.

గవరయ్య కదలకుండా ఆయన వేపు చూశాడు.

"లేదు" అన్నారు. ఎడం అరచేత్తో టేకు మీద కొట్టారు. "లేదు. లేదు."

"ఏమంటున్నాడు?" అని అడిగాడు ముసలాయన.

"గామారే తీసుకోమంటున్నారు" అన్నాను బెంగాలీలో.

ఆయనకి బెంగాలీ నాకంటే బాగా వచ్చు.

జూలై 10

అన్నం ముట్టలేదు. నిన్న ఎండలో తిప్పాను కదా, నీరసం.

జూలై 28

ఫ్రేములు లేచాయి. గవరయ్య చెయ్యి బాగుంది, మనిషికే ధైర్యం చాలదు. ప్రతి అతుకు దగ్గరా ఆగి ఆయన వేపు చూస్తాడు. ఆయన్ని పొద్దున్నే దింపి షెడ్డులో కుర్చీలో కూచోబెడుతున్నాం. ఎప్పుడో ఒకసారి "లేదు" అంటారు. మొదట్లో నవ్వుకునేవాళ్ళం. ఈవేళ గవరయ్య ఉలి కింద పెట్టేశాడు.

"వదినా, అన్న లేదు లేదంటంటే నాకు సెయ్యి ఆడట్లేదు. ఏటో తప్పు సేస్తన్నానేమో."

"నువ్వేం తప్పు చెయ్యట్లేదు. ఆయనకి ఇంకో మాట లేదు, అంతే."

"ఇంకో మాట నేదు గాని వదినా, మనిసికి కళ్ళున్నాయి కదా."

ప్లైవుడ్డు అంచులకి గామార్ బద్దలు అతికించమన్నాను. పొరలు పైకి కనపడితే రంగు అక్కడ చీలుతాది. ఇది ఆయన చెప్పింది కాదు, రుద్ది రుద్ది నేను తెలుసుకున్నది.

కుడిచెయ్యి కొంచెం వెచ్చగా అనిపించింది ఈవేళ. రక్తం ఆడుతోందన్నమాట.

ఆగస్టు 2, ఆదివారం

ప్రార్థన అయ్యాక గుడి నుంచి వస్తూ జెరూషా అడిగింది. దానికి పదిహేడేళ్ళు, నర్సు ట్రైనింగుకి వెళ్ళాలని ఉంది. సగం బెంగాలీ సగం తెలుగు మాట్లాడుతుంది.

"అమ్మా, నువ్వు ఆ బీరువాలు ఎందుకు చేస్తున్నావు, సొత్తి, నిజం చెప్పు."

"మాటిచ్చాం కదే."

"నాన్న ఇచ్చాడు. టేకుతో చేస్తానని ఇచ్చాడు."

"టేకు అని మినతి దిది అడగలేదు. రంగు నిలవాలంది, పూజల లోపు కావాలంది."

"నాన్నకి చూపించాలనే కదా?"

ఏం చూపించాలనే అని కసిరాను. అది నాకంటే ముందు నడిచింది. కసరకుండా ఉండాల్సింది.

ఏం చూపించాలని. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ తలుపు మీద చెయ్యి వేసి చూసి, నువ్వన్నదే నిజం కాంతం అని. మాట లేకపోతే పోయింది. తల ఊపినా చాలు.

ఆగస్టు 14

వాన. లప్పం ఆరట్లేదు.

ఆగస్టు 15

వాన. బడిపిల్లలు జెండాలు తడిపేసుకుంటూ వెళ్ళారు. ఆయన కిటికీలోంచి చూశారు.

ఆగస్టు 19

తలుపులన్నిటికీ రెండో చుట్టు ప్రైమరు వేసి ఆరబెట్టాను. రేపు ఎనామిల్ మొదలెట్టొచ్చు అనుకుని, పొయ్యి మీద పప్పు పెట్టొచ్చానని పైకెళ్ళాను. ఆయన షెడ్డులో కుర్చీలో ఉన్నారు. గవరయ్య మేకులకి బజారెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి ఆయన కుర్చీలో లేరు. నేల మీద తలుపులకి ఆనుకుని కూచున్నారు, ఎలా దిగారో. ఎడం చేతిలో గరుకు కాగితం. పెద్ద తలుపు నడిమధ్యన రుద్దుతున్నారు. ప్రైమరు పోయింది, లప్పం పోయింది, ప్లైవుడ్డు పైపొర అరిగి కింద అడ్డపొర బయటపడింది. అంత లోతు. ఇంకా రుద్దుతూనే ఉన్నారు. లోపల ఏముందో చూడాలని కాబోలు. నన్ను చూసి, ఆ గాయం మీద వేలు పెట్టి, "లేదు" అన్నారు. ఏదో రుజువు దొరికినట్టు.

వద్దండీ అన్నాను. వినలేదు. మళ్ళీ రుద్దబోయారు.

చేతి మీద కొట్టాను.

గట్టిగా. చప్పుడైంది. కాగితం ఎగిరి అవతల పడింది. ఆయన ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, దాన్నే చూస్తూ కూచున్నారు. పనిచేసే చెయ్యి అదొక్కటే.

ఆగస్టు 20

నిన్నటిది చదువుకున్నాను. కొట్టానని రాశాను. కాగితం లాక్కోబోతే చెయ్యి తగిలింది, అంతే. కోపంలో పెద్దది చేసి రాశాను.

ఆగస్టు 22

షెడ్డులోకి దిగనంటున్నారు. అనడం కాదు. గవరయ్య ఎత్తబోతే మంచంకోడు పట్టుకుని వదల్లేదు. సరే, వానలు కదా, కింద తేమ. పైనే ఉండడం మంచిది.

తలుపు కొత్తది చెయ్యమన్నాను. గవరయ్య పాతది ఎత్తి చూసి, "అన్న రుద్దుడు సూడు వదినా, ఎడం సేత్తో కూడా ఎంత సమంగా రుద్దినాడో" అన్నాడు. అవతల పడెయ్యమన్నాను. పడెయ్యలేదు. గోడకి ఆనించి పెట్టాడు.

ఆగస్టు 27

జెరూషా అన్నం కలిపి పెడుతూ అంది, "నాన్న మాట మానేశాడు, తెలుసా నీకు?"

"ఏ మాట?"

"ఆ ఒక్క మాటే."

అలసట వల్ల అన్నాను.

ఆగస్టు 28

నీళ్ళు కావాలా అని అడిగాను. అన్నం తింటారా అని అడిగాను. నొప్పిగా ఉందా. కిటికీ వెయ్యనా. నేనెవర్నండీ.

అన్నిటికీ ఊరికే చూశారు.

కొట్టాను. చెయ్యి తగల్లేదు. కొట్టాను.

సెప్టెంబరు 6, ఆదివారం

గుడిలో నాకు ప్రార్థన రాలేదు. నోరు కదిపాను.

సెప్టెంబరు 11

రంగు కలిపాను. తెల్ల ఎనామిల్‌లో పచ్చ కొంచెం కొంచెంగా పోస్తూ, చివర్న పసుపు చుక్క ఒకటి వేస్తే లేత అరిటాకు విప్పినప్పటి రంగొచ్చింది. బద్ద మీద రాసి పైకి పట్టుకెళ్ళి ఆయనకి చూపించాను. ఇదివరకు ప్రతి రంగూ అలాగే చూపించేదాన్ని. "నాకేటి తెలుసు, నీ ఇష్టం" అనేవారు.

చూశారు. ఈవేళ కూడా నా ఇష్టమే.

సెప్టెంబరు 19

మొదటి చుట్టు అయింది. తలుపుల లోపలివేపు, వీపు, అరల అడుగు, అన్నిటికీ వేశాను. ఒకవేపే వేస్తే రెండోవేపు తేమ తాగి తలుపు వంగిపోతాది. కనపడని చోట ఎందుకంత రంగు ఖర్చు చేస్తావని గవరయ్య అడిగాడు. జవాబు చెప్పబోయి ఆగిపోయాను. ఆయన మాటే నా నోటికి వచ్చింది.

సెప్టెంబరు 30

రెండో చుట్టు ఆరింది. ఎండ బాగా కాసింది. ఎక్కడా పొక్కు లేదు, చార లేదు. గవరయ్య తలుపులో తన మీసం చూసుకుని దువ్వుకున్నాడు. నేను ఇన్నేళ్ళలో ఇంత బాగా వెయ్యలేదు. ఇది గొప్పకి రాసుకోవట్లేదు. నా రంగు కింద మొదటిసారి నేను ఎంచిన చెక్క ఉంది.

అక్టోబరు 2

లారీలో భవానీపూర్ తీసుకెళ్ళి బిగించాం. వంతెన మీద గాలికి గోనెపట్టాలు ఎగిరిపోతుంటే గవరయ్య వాటిమీద బోర్లా పడుకున్నాడు.

మినతి దిది ఒక్కో తలుపూ తీసి, మూసి, మళ్ళీ తీసింది. తర్వాత కిందనుంచి తన ఉప్పుడబ్బా, పసుపుడబ్బా, ఒక్క గిన్నె తెచ్చుకుని పై అరలో పెట్టి తలుపు మూసింది. మూసి దానికి వీపు ఆనించి నిలబడి ఏడ్చింది. నలభై దాటిన మనిషి. "మా అమ్మ పోయాక ఈ ఇంట్లో నాకంటూ తలుపు మూసుకునే అర ఒక్కటి లేదు కాంతం ది" అంది.

"ఆదాము దా చేతి పని అంటే ఆదాము దాదే" అని కూడా అంది.

అవునన్నాను. గవరయ్య నా మొహం చూశాడు.

ఆదివారం ఆయన్ని తప్పకుండా తీసుకురమ్మంది. చూడాలి కదా, ఆయన చూడకుండా పొయ్యి వెలిగించనంది.

అక్టోబరు 4, ఆదివారం

గుడి అయ్యాక ఆయనకి తెల్లచొక్కా తొడిగి టాక్సీలో తీసుకెళ్ళాం. మంచంకోడు పట్టుకోలేదు. బయటికి అని తెలిసి ఎడం చెయ్యి తనే చాపారు. గవరయ్య మేడ మీదికి మోశాడు. వరండా కిటికీ పక్కన కుర్చీ వేసి ఉంచింది మినతి దిది, ఎదురుగా బీరువాలు కనపడేలా.

కొంగు పదిసార్లు సర్దుకున్నాను. పెళ్ళిచూపులకి కూడా అన్నిసార్లు సర్దుకోలేదు.

కూచోబెట్టాక ఆయన బీరువాల వేపు చూశారు. ఒక క్షణం. తర్వాత తల తిప్పుకున్నారు. కోపం అనుకున్నాను. కోపమైనా సరే అనుకున్నాను. ఆయన చెయ్యి తీసుకెళ్ళి తలుపు మీద పెట్టాను. "గామారండీ. ప్లైవుడ్డు. చూడండి, అంచు ఎక్కడైనా తెలుస్తోందా? తప్పు ఉంటే చెప్పండి. లేదనండి."

ఆయన మెల్లిగా చెయ్యి వెనక్కి తీసుకున్నారు. పిల్లలు పట్టుకున్న చెయ్యి విడిపించుకున్నట్టు, నొప్పి తగలకుండా. కిటికీ వేపు చూపించారు.

కింద రోడ్డు మీద ట్రాము ఆగిపోయి ఉంది. పైన గడ కరెంటు తీగ నుంచి జారిపోయింది. కండక్టరు వెనకాల తాడు పట్టుకుని దాన్ని మళ్ళీ తీగకి తగిలించాలని చూస్తున్నాడు. తగిలించబోతే జారుతోంది, నిప్పురవ్వలు రాలుతున్నాయి. మళ్ళీ ఎత్తుతున్నాడు, మళ్ళీ జారుతోంది. వెనక ఇంకో ట్రాము వచ్చి గంట కొడుతోంది. కండక్టరు టోపీ పడిపోయింది.

ఆయన నవ్వారు. పైకే, ఒళ్ళు ఊగేలా. జూన్ నుంచి అదే మొదటిసారి. నా కొంగు పట్టుకు లాగి, చూడు చూడు అన్నట్టు వేలు చూపించారు.

వంగి చూశాను. గడ తగిలింది. ట్రాము కదిలింది. ఆయన మొహం చిన్నబోయింది. ఇంకోటి వచ్చేదాకా అటే చూస్తూ ఉన్నారు.

మినతి దిది పొయ్యి వెలిగించింది. కిచిడీ వండింది. ఆయన ఇష్టంగా తిన్నారు. వీపు బీరువాల వేపే ఉంది.

వచ్చేటప్పుడు టాక్సీలో జెరూషా, "నాన్న నవ్వాడమ్మా!" అంటూనే ఉంది.

అవును. నవ్వారు.

అక్టోబరు 6

పొద్దున్న షెడ్డులో ఆయన సామాను పెట్టె దించాను. తుప్పు పట్టకుండా ఒక్కోదానికీ నూనె రాసి గుడ్డ మీద వరసగా పేర్చాను. ఆయన్ని దింపి పక్కనే కూచోబెట్టాం. ఈవేళ ఎదురు తిరగలేదు. గవరయ్య వచ్చాక, "ఇవి నువ్వు తీసుకో" అన్నాను.

అతను రెండడుగులు వెనక్కేశాడు. "అదేటి వదినా! అన్న సామాను నానెలా ముట్టుకుంటాను? క్రిస్మస్‌కి అన్న లేచి కూకుంటాడని నువ్వే కదా అన్నావు. లేచినాక ఏటి పట్టుకుంటాడు?"

"లేచి కూచుంటారు గవరయ్యా. నడుస్తారేమో కూడా. వడ్రంగం మాత్రం ఇంక చెయ్యరు."

గవరయ్య నమ్మలేదు. పెద్ద ఉలి తీసి ఆయన ఎడం చేతికి అందించాడు. "అన్నా, ఇది నీదే కదా. సెప్పు. నీదే కదా?"

ఆయన తీసుకున్నారు. తిప్పి చూశారు. ఎండకి మెరుస్తుంటే ఆ మెరుపుని ఎదుటి గోడ మీద అటూ ఇటూ ఆడించారు. కాసేపు ఆడించి, విసుగొచ్చి, పక్కన పెట్టేశారు.

గవరయ్య తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని బయటికెళ్ళిపోయాడు.

అప్పుడొచ్చింది నాకు ఏడుపు. ఆసుపత్రిలో రాలేదు, నిమ్తలాలో రాలేదు, కొట్టిన నాడు రాలేదు. ఆ పొట్టులోనే కూలబడి, ఊళ్ళో మనిషి పోతే ఏడ్చినట్టు గొంతెత్తి ఏడ్చాను. ఆదాము మేస్త్రి కోసం ఏడ్చాను. టేకు వాసన చూసుకునే మనిషి కోసం, అందరి ముందు నా రంగుని తప్పుపట్టిన మనిషి కోసం, నువ్వన్నదే నిజమని ఇంక ఎన్నటికీ అనలేని మనిషి కోసం.

ఆయన కుర్చీలోంచి మెల్లిగా జారి నా పక్కన కూచున్నారు. ఎవరు పోయారో ఆయనకి తెలీదు. నా వీపు నిమిరారు. చొక్కా అంచు లాగి, నా కళ్ళు తుడవబోయారు. అది అందక, మొహం దగ్గరికి తెచ్చి, నేను ఏడుపు ఆపేదాకా నన్నే చూస్తూ కూచున్నారు.